గుర్రపు కొట్టంలో ఈగలు: ముందు తడి సంగతి, ఆ తర్వాతే మందు సంగతి

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర చేలు పగుళ్లిచ్చి ఉంటాయి. కుంటలు ఎండుతాయి, గట్ల మీద పచ్చిక మాడిపోతుంది. ఈగ గుడ్డు పెట్టాలంటే తడి కావాలి. ఆ ఎండల్లో చుట్టుపక్కల ఎక్కడా లేని తడి గుర్రాన్ని కట్టేసిన కొట్టంలో ఉంటుంది. లద్దె, మూత్రంతో నానిన వరిగడ్డి, నీళ్ల తొట్టి కింది బురద, దాణా తొట్టి మూలన పులిసిన తవుడు, ఇవన్నీ అక్కడే. అందుకే ఊరంతా ఎండిపోయినా కొట్టంలో మాత్రం ఈగలు ముసురుతూనే ఉంటాయి. తొలకరి పడ్డాక తడి అంతటా వస్తుంది. అప్పుడు జోరీగలు, నుసుములు, దోమలు కూడా తోడవుతాయి. అంటే మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా మన పని దాదాపుగా కొట్టం లోపలే. వానలు మొదలైన దగ్గర్నుంచి అక్టోబరు దాకా బయట కూడా.

చాలామంది స్ప్రే సీసాతో మొదలుపెడతారు, అక్కడే దెబ్బతింటారు. కంటికి కనిపించే ఈగలు మొత్తంలో కొన్నే. మిగిలినవి గుడ్డుగా, పురుగుగా, గూడుగా లద్దెలోనే ఉంటాయి. వేసవి వేడిలో ఇంటి ఈగ గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది, ఏడు నుంచి పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది. ఇవాళ గుర్రం మీద ఉన్నవన్నీ చంపినా వచ్చే వారానికి మళ్లీ అన్నీ తయారు. కాబట్టి వరస ఇది: ముందు తడి, తర్వాత గాలి, తర్వాత తెర, అన్నిటికన్నా చివర మందు.

ఏది కుడుతోందో పది నిమిషాలు నిలబడి చూడండి

గుర్రం ఎలా కదులుతోందో చూస్తే ఏ పురుగో తెలిసిపోతుంది. ముందుకాళ్లు మార్చి మార్చి నేలకు కొడుతుంటే కాళ్ల మీద కుట్టే ఈగ ఉందన్నమాట. ఇది అచ్చం ఇంటి ఈగలాగే ఉంటుంది. దగ్గరగా వంగి చూస్తే మూతి కింద సూదిలాంటిది ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. గోడ మీద వాలినప్పుడు ఎక్కువగా తల పైకి పెట్టుకుని కూర్చుంటుంది. ఆడదీ మగదీ రెండూ నెత్తురు తాగుతాయి, పగటిపూటే కుడతాయి. మోకాలి కిందనే ఎక్కువగా వాలతాయి. ఒక్కో ఈగ కొద్ది నిమిషాలే తాగి గోడకో గుంజకో చేరుతుంది. అందుకే కాలి మీద రెండే ఉన్నాయి కదా అనుకోకూడదు, గోడ మీద యాభై ఉండొచ్చు. గంటల తరబడి కాళ్లు కొడితే గిట్టలు పగులుతాయి, నాడాలు వదులవుతాయి, తిన్న దాణా ఒంటబట్టదు.

కళ్ల కొనల్లో, ముక్కు చుట్టూ, పుండ్ల మీద గుంపుగా మూగేది ఇంటి ఈగ. ఇది కుట్టదు, నాకుతుంది. అయినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకో కింద పుండ్ల దగ్గర చెబుతాం.

ఎండలో ఉన్నట్టుండి గుర్రం అదిరిపడి, పొట్టకింద తన్నుకుని పరుగు తీసిందంటే అది జోరీగ. వేలి గోరంత ఉంటుంది, పెద్ద కళ్లు, చర్మాన్ని కోసి నెత్తురు నాకుతుంది. ఆడదే కుడుతుంది. లేచిపోయాక కూడా అక్కడ నెత్తురు చుక్క కారుతూ ఉంటుంది. చీకటిగా ఉన్న కొట్టంలోకి ఇది పెద్దగా రాదు, ఎండలోనే దాని వేట. తెల్లటి ఒంటికన్నా నల్లటి, ముదురు ఎరుపు ఒంటి మీదకు ఎక్కువగా వస్తుంది.

జూలు, తోక మొదలు గోడకేసి రుద్దుకుని వెంట్రుకలు ఊడిపోతుంటే నుసుముల్ని అనుమానించాలి. ఇవి ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండే పొట్టి దోమలు. పొద్దుగుంకే వేళ, తెల్లవారుజామున గాలి కదలనప్పుడు కుడతాయి. వీటి ఉమ్మి పడని గుర్రాలకు ఒళ్లంతా దురద పుడుతుంది. ఒకే కొట్టంలో నాలుగు గుర్రాలుంటే ఒక్కదానికే దురద రావచ్చు. అయినా గుర్రాన్ని చూసుకునే సాయిసు అది అంటువ్యాధి కాదని, గజ్జి కాదని ఒప్పుకోడు. గజ్జి మందు పూస్తూ నెల గడిపేస్తాడు, ఈలోగా జూలు మొత్తం పోతుంది.

తోక కింద, తొడల లోపల వెంట్రుకలు తక్కువున్న చోట చదునుగా, తోలులా గట్టిగా ఉండి, పీతలా పక్కకు పాకే ఈగ ఇంకొకటి ఉంది. వేళ్లతో నలిపినా చావదు. దాన్ని చేత్తో పట్టి సబ్బు నీళ్ల డబ్బాలో వేయడమే మంచి పద్ధతి.

లద్దె: రోజూ ఎత్తాలి, ఎత్తింది ఎక్కడ పెడతామన్నది అంతకన్నా ముఖ్యం

నాలుగు వందల కిలోల గుర్రం రోజుకు పన్నెండు నుంచి పదిహేను కిలోల లద్దె వేస్తుంది, ఏడెనిమిది లీటర్ల మూత్రం పోస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎత్తాలి. కుదరకపోతే కనీసం రోజుకు ఒకసారి. ఇంతవరకు అందరూ చేస్తారు. తప్పు జరిగేది తర్వాత: ఎత్తినదాన్ని కొట్టం వెనక గోడ పక్కనే కుప్ప పోస్తారు. అప్పుడు ఈగ పుట్టిల్లు పది అడుగులు జరిగిందంతే.

ఎండాకాలంలో రెండు దారులున్నాయి. ఒకటి ఎండబెట్టడం. గుర్రాలు మేయని ఖాళీ జాగాలో లద్దెను అంగుళం మందానికి మించకుండా పరచండి. ఉండలు చితకాలి, లేకపోతే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటాయి, పురుగు ఆ లోపలే బతుకుతుంది. మధ్యాహ్నం దంతెతో ఒకసారి తిరగేయండి. నలభై డిగ్రీల ఎండలో సాయంత్రానికల్లా పొడిపొడిగా అవుతుంది. అలా ఎండిన లద్దెలో ఈగ పుట్టదు. తర్వాత బస్తాలకెత్తితే తోటల వాళ్లు సంతోషంగా తీసుకెళ్తారు. మబ్బు పట్టిన రోజుల్లో, వానాకాలంలో ఈ దారి పనికిరాదు.

రెండోది ఎరువు గుంతకు బదులు ఎరువు తొట్టి. సిమెంటు ఇటుకలతో నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున మూడు తొట్లు, ముందువైపు పలకలు తీసిపెట్టేలా కట్టాలి. రెండు గుర్రాల లద్దె, పక్కగడ్డితో ఒక తొట్టి రెండు మూడు వారాల్లో నిండుతుంది. కుప్ప మూడడుగుల కన్నా చిన్నదైతే వేడెక్కదు. లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టాలి, ఆ వేడికి ఈగ పురుగులు, కడుపులోని నులిపురుగుల గుడ్లు చస్తాయి. థర్మామీటరు లేకపోతే ఇనుప కడ్డీని కుప్పలోకి అడుగున్నర లోతు దించి ఐదు నిమిషాలుంచి తీయండి. గుప్పిట పట్టుకోలేనంత కాలితే కుప్ప బాగా పనిచేస్తున్నట్టే. గోరువెచ్చగా ఉంటే పొడిబారిందో, లేదా గాలాడటం లేదో చూడాలి. పిడికెడు తీసి పిండితే చేయి తడవాలి కానీ నీళ్లు కారకూడదు.

ఇక్కడ ఒక కిటుకు. కుప్ప నడుమ ఎంత వేడిగా ఉన్నా పై నాలుగైదు అంగుళాలు చల్లగా, తడిగా ఉంటాయి. పురుగులన్నీ ఆ పై పొరలోకి జరిగి హాయిగా పెరుగుతాయి. అందుకని వారానికోసారి పై పొరను చెక్కి లోపలికి తోయాలి, తొట్టిని నల్ల పాలిథీన్ పట్టాతో కప్పి అంచుల మీద బరువులు పెట్టాలి. ఎండకు పట్టా కింద వేడి పెరిగి పై పొరలోనూ పురుగు నిలవదు. తొట్లు కొట్టానికి ఎంత దూరముంటే అంత మంచిది, వంద మీటర్లు దొరికితే మరీ మంచిది. పాలిథీన్ కప్పకుండా దగ్గర్లో పెట్టడం మాత్రం అస్సలు వద్దు.

నాటుకోళ్లు ఉంటే వాటిని లద్దె కుప్ప మీదకు వదలండి. కెలికి కెలికి పురుగుల్ని ఏరుకు తింటాయి, ఉండలు చితక్కొడతాయి కూడా. అయితే దాణా తొట్టి పైన దూలం మీద వాటిని రాత్రి పడుకోనివ్వకండి. వాటి రెట్ట దాణాలో పడుతుంది, ఆ రెట్టలో కూడా ఈగలు పెరుగుతాయి.

గచ్చు, పక్కగడ్డి, నీళ్ల తొట్టి

కుట్టే ఈగకు తాజా లద్దె కన్నా నానిన గడ్డి ఇష్టం. మూత్రంతో తడిసి, కుళ్లడం మొదలైన వరిగడ్డిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఈగ కావడానికి దానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంటే వారానికోసారి పక్క మొత్తం ఎత్తేస్తే దాని సంతతి ఆగిపోతుంది. పైన తడిసినచోట కొత్త గడ్డి కప్పుకుంటూ పోతే అడుగున అరడుగు మందాన నల్లటి పొర తయారవుతుంది, అది ఈగల గూడే. రంపపు పొట్టు వాడితే తడి చోటు ఉండగట్టి సులువుగా ఎత్తొచ్చు, ఈగలూ తగ్గుతాయి. అయితే సన్నటి దుమ్ములాంటి పొట్టు వద్దు, గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది.

వారానికోసారి పక్క ఎత్తేసిన రోజు గచ్చును కడిగి, గుర్రాన్ని సాయంత్రం దాకా బయటే ఉంచి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక పొడి సున్నం చల్లాలి. పన్నెండడుగుల చదరపు గదికి కిలో సరిపోతుంది. తడి గచ్చు మీద చల్లితే గిట్టలకు, చర్మానికి కాలుతుంది. రాతి సున్నం ముక్కలు అసలే వాడొద్దు. సున్నం మీద పక్క పరిచాకే గుర్రాన్ని లోపలికి తేవాలి.

గచ్చు వాలు చూసుకోండి. పన్నెండడుగుల గదికి వెనక కాలువ వైపు మూడంగుళాల వాలు ఉండాలి. వాలు లేని గచ్చును రోజుకు రెండుసార్లు కడగడం శుభ్రం అనిపిస్తుంది కానీ దానితో నష్టమే ఎక్కువ. కడిగిన నీళ్లు మూలల్లో, పగుళ్లలో నిలిచి తడి ఎప్పటికీ ఆరదు. అలాంటి చోట కడగడం తగ్గించి పొడిగా ఊడ్వడమే మేలు.

నీళ్ల తొట్టిని మూడు నాలుగు రోజులకోసారి పూర్తిగా వంచి, గోడలు తోమాలి. దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పైనే పడుతుంది కాబట్టి ఈలోపు ఖాళీ అవుతూ ఉంటే చాలు. వంచడానికి వీల్లేని సిమెంటు కుండీ అయితే గంబూసియా చేపలు వదలండి, మలేరియా విభాగం వాళ్ల దగ్గర అడిగితే దొరుకుతాయి. తొట్టి కింద ఎప్పుడూ కారే కొళాయి ఉంటే ముందు దాన్ని బాగు చేయించండి. నుసుముల పుట్టిల్లు సరిగ్గా అలాంటి తడి మట్టే.

గాలి

నుసుములు, దోమలు గట్టిగా ఎగరలేవు. విసురుగా గాలి తగులుతుంటే గుర్రం మీద వాలలేవు. మందులన్నిటికన్నా ముందు కొనాల్సింది గదికొక మంచి గోడ ఫ్యాను. దుమ్ము దూరని మూసిన మోటారు ఉండాలి. ఇళ్లలో వాడే ఫ్యానుల్లో గడ్డి నూగు చేరి వేడెక్కి అంటుకుంటాయి. ఎనిమిదడుగుల ఎత్తున, జాలీ ఉన్నదాన్ని, కొద్దిగా కిందికి వంచి, వెనక భాగం మీదుగా మెడ దాకా గాలి తగిలేలా బిగించండి. వైర్లు గుర్రం నోటికి అందకూడదు, ఇనుప గొట్టంలోంచి తీసుకెళ్లాలి. గుర్రానికి ఇష్టముంటే గాలికి వస్తుంది, లేకపోతే పక్కకు తప్పుకుంటుంది. గది మొత్తం గాలితో నింపాలని చూడొద్దు, తప్పుకోవడానికి ఒక మూల ఉంచండి.

జాలీ తలుపులు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇళ్లలో వాడే దోమల జాలీ ఈగల్ని, దోమల్ని ఆపుతుంది కానీ నుసుము అందులోంచి దూరిపోతుంది. దాన్ని ఆపేంత సన్న జాలీ పెడితే గాలి ఆడదు. 42 డిగ్రీల ఎండలో గుర్రానికి ఈగకన్నా వడదెబ్బ ప్రమాదం. అందుకని పగలు జాలీ తెరిచి ఫ్యాను వేయడం, పొద్దు వాలేముందు జాలీ వేసి ఫ్యాను నడపడం మా లెక్కలో సరైన రాజీ.

వేళలు కూడా చూసుకోవాలి. జోరీగలు ఎక్కువైతే పగలు పది నుంచి నాలుగు దాకా నీడ కొట్టంలో ఉంచి మిగతా వేళ వదలాలి. దురద గుర్రానికి దీనికి రివర్సు: సాయంత్రం ఐదు నుంచి చీకటి బాగా పడేదాకా, మళ్లీ తెల్లవారుజామున ఫ్యాను కింద ఉండాలి. రెండూ ఉన్న చోట రాత్రి తొమ్మిది తర్వాత, చెరువుకు దూరంగా, గాలి తగిలే మెరక మీద వదలడం తప్ప మార్గం లేదు.

ముఖానికి కుచ్చుల తెర ఇంట్లోనే

బజార్లో దొరికే జాలీ మాస్కులు మంచివే. బుగ్గ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి, కంటి ముందు జాలీ ఉబ్బెత్తుగా ఉండి రెప్పవెంట్రుకలకు తగలకూడదు. రోజూ తీసి కడగాలి. కంటికి జాలీ రాసుకుంటే రెండు రోజుల్లో కన్ను నీరు కారి, ఈగలు అంతకుముందు కన్నా ఎక్కువ వస్తాయి.

మాస్కు దొరకకపోతే కుచ్చుల తెర చేసుకోండి. అంగుళం వెడల్పున్న నూలు నవారు నలభై సెంటీమీటర్లు తీసుకోండి, చెవుల కింద ఒక బుగ్గ పట్టీ నుంచి ఇంకో బుగ్గ పట్టీ దాకా నుదురు మీదుగా కొలిచి చూసుకుని కత్తిరించాలి. మెత్తటి నూలు తాడును అరవై సెంటీమీటర్ల ముక్కలుగా ఇరవై ఆరు కోసి, ఒక్కోదాన్ని సగానికి మడిచి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడంతో నవారుకు కుట్టండి. అప్పుడు ముప్ఫై సెంటీమీటర్ల కుచ్చులు జంటలుగా వేలాడతాయి. ప్రతి కొసకు ఒక ముడి వేయాలి. ఆ ముడి బరువే తలాడించినప్పుడు ఈగను కొడుతుంది. ముడి కంటికి ఎదురుగా కాకుండా కన్ను దాటి కిందకు వేలాడాలి, లేకపోతే కంటికే తగులుతుంది. నైలాన్ తాడు వద్దు, చర్మాన్ని కోస్తుంది. చివర్లు హాల్టరుకు, అంటే తలకట్టుకు, ముడేయకుండా వెల్‌క్రోతో అంటించండి. ఎక్కడైనా చిక్కుకుంటే ఊడి రావాలి.

ఒంటికి పలచటి తెల్ల నూలు దుప్పటి జోరీగలకు బాగా పనిచేస్తుంది. 2019లో అచ్చయిన ఒక బ్రిటన్ పరిశోధనలో గుర్రాలకు నల్ల, తెల్ల, చారల దుప్పట్లు కప్పి చూశారు. చారల దుప్పటి ఉన్న ఒంటి మీద జోరీగలు చాలా తక్కువ వాలాయి, దుప్పటి లేని తల మీద మాత్రం తేడా లేదు. చెమట పట్టిన దుప్పటిని అలాగే మర్నాడు వేయకండి, ఎండబెట్టి రెండోది వేయండి.

వేసవిలో తోక కత్తిరించకూడదు. చెవి లోపలి వెంట్రుకలు, నుదుటి జుట్టు తీయకూడదు. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రాలకు అందం కోసం ఇవన్నీ చేస్తారు, పాపం ఆ గుర్రం ఈగను తోలుకునే సాధనమే పోతుంది. ఊరేగింపు నుంచి వచ్చాక పూల రసం, అత్తరు, చెమట అన్నీ మామూలు నీళ్లతో కడిగి తుడవాలి. చెవుల లోపలి అంచుకు పలచగా వాజలిన్ రాస్తే నుసుములు కుట్టలేవు.

జోరీగ బంతి

జోరీగ పుట్టేది చెరువు గట్ల బురదలో, మన చేతిలో లేదు. పెద్దదైనప్పుడే పట్టాలి. నలభై నుంచి యాభై సెంటీమీటర్ల గాలి బంతికి మెరిసే నల్ల రంగు వేయండి. మూడు కర్రల ముక్కాలి పీట కట్టి, బంతిని నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున గాలికి ఊగేలా వేలాడదీయండి. ముక్కాలి పై సగానికి తెల్ల దోమతెర గుడ్డను గరాటు తిరగేసినట్టు చుట్టి, కొసన ఒక తెల్లటి ప్లాస్టిక్ సీసాను బోర్లించి బిగించాలి. సీసా మూతి నుంచి లోపలికి చిన్న గరాటు ఉంటే వెళ్లింది తిరిగి రాదు. ఎండకు బంతి వేడెక్కి గొడ్డు ఒళ్లులా అనిపిస్తుంది, జోరీగ వాలుతుంది, నెత్తురు లేక పైకి లేస్తుంది, వెలుతురు వైపు సీసాలోకి పోతుంది. దీన్ని పూర్తి ఎండలో, గుర్రాలకు పాతిక ముప్ఫై మీటర్ల దూరంలో పెట్టాలి. నీడలో పెడితే ఒక్కటీ పడదు.

బెల్లం నీళ్లు, కుళ్లిన చేప వేసే ఈగల సీసాలకూ ఇదే దూరం సూత్రం. కొట్టం గుమ్మానికి వేలాడదీస్తే పక్క వీధి ఈగల్ని కూడా పిలిచినట్టవుతుంది. పైగా కుట్టే ఈగ నెత్తురుకే వస్తుంది, బెల్లానికి రాదు. కాళ్లు కొట్టే బాధకు ఆ సీసా ఏమీ చేయదు.

మందులు

గుర్రానికి పనికొచ్చే మందుల్లో ఎక్కువగా వాడేవి పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు. సీసా మీద గుర్రాలకని రాసి ఉండాలి, లేదా పశువైద్యుడు కొలత రాసివ్వాలి. పత్తికి, మిరపకు కొట్టే సైపర్‌మెత్రిన్ కూడా అదే పేరు కదా అని ఇంట్లో ఉన్నది కలిపి కొట్టేవాళ్లున్నారు. మందు పేరు ఒకటే అయినా అందులోని ద్రావకాలు వేరు, చిక్కదనం వేరు. చర్మం బొబ్బలెక్కి ఊడి వస్తుంది.

ఇంకా పెద్ద ప్రమాదం అమిట్రాజ్. గేదెల పిడుదులకు ఇది మామూలుగా వాడే మందు, పశువుల మందుల షాపులో అడిగితే చేతిలో పెడతారు. గుర్రానికి మాత్రం వద్దు. పేగుల కదలిక ఆగిపోయి, పెద్దపేగులో లద్దె గట్టిపడి కడుపునొప్పితో ప్రాణం మీదకు వస్తుంది. గొడ్లూ గుర్రాలూ ఒకే చోట ఉన్నవాళ్లు ఈ సీసాను వేరే అలమరలో పెట్టి పెద్ద అక్షరాలతో రాసుకోండి. అమిట్రాజ్ కొట్టిన పంపును కూడా గుర్రానికి వాడొద్దు. పాతకాలం నుంచి పుండ్లలో పోసే డైక్లోర్వాస్ అనే పురుగుమందు మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచే నిషేధం. ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని గుర్రం దగ్గరకు రానివ్వకండి.

కొట్టే పద్ధతి: ముందు దుమ్ము దులిపి బ్రష్ చేయాలి, దుమ్ము మీద పడ్డ మందు దుమ్ముతోనే రాలిపోతుంది. కొత్త మందును మెడ మీద అరచేతి మేర రాసి ఒక రోజు చూడండి. దద్దు, వాపు లేకపోతేనే ఒంటికి. ముఖానికి ఎప్పుడూ కొట్టకూడదు, గ్లౌజులు వేసుకుని గుడ్డను తడిపి పిండి కళ్లు, ముక్కు, పెదవులు తప్పించి తుడవాలి. జీను వేసే చోట వద్దు, చెమటకు కాలుతుంది. కుట్టే ఈగ బాధే ఎక్కువైతే ఒళ్లంతా అక్కర్లేదు, మోకాళ్ల కింద నాలుగు కాళ్లకూ, పొట్ట కిందా సరిపోతుంది. స్ప్రే చప్పుడుకు బెదిరే గుర్రానికి మూడు నాలుగు రోజులు వట్టి నీళ్లతో, ముందు నేల మీద, తర్వాత కాళ్ల మీద అలవాటు చేయండి. కొట్టంలో పిల్లులుంటే పెర్మెత్రిన్ తడిగా ఉన్నంతసేపు దగ్గరకు రానివ్వొద్దు, వాటికి అది విషం. మిగిలిన నీళ్లు చెరువులో పారబోయకండి, చేపలు చస్తాయి. చూడితో ఉన్న ఆడగుర్రానికి, పాలు తాగే పిల్లకు డాక్టరును అడక్కుండా ఏదీ వాడొద్దు.

గోడలకు కొట్టే మందు వేరు. ఈగలు వాలే పైగోడలు, గుంజలు, దూలాలకే కొట్టాలి, దాణా తొట్టికి, నీళ్ల తొట్టికి కాదు. గుర్రాన్ని బయటకు తీసి, పూర్తిగా ఆరాకే లోపలికి తేవాలి.

ఇంట్లో చేసుకునేదే కావాలంటే వేపనూనె ఒక్కటే మేము చెప్పగలిగింది. 20 మిల్లీలీటర్ల వేపనూనెలో 5 మిల్లీలీటర్ల మృదువైన షాంపూ వేసి బాగా కలిపి, తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. పాలలా తెల్లబడాలి. నూనె పైన తేలితే షాంపూ చాలలేదని అర్థం. ఏ రోజుది ఆ రోజే కలపాలి. రెండు మూడు గంటలకు మించి ఆశించకండి, ఎండకు దాని గుణం పోతుంది. కలపకుండా వట్టి నూనె పూస్తే దుమ్మంతా అంటుకుంటుంది, ఎండలో చర్మం మాడుతుంది. కిరసనాయిలు, పాత ఇంజనాయిలు పూయడం క్రూరం. వెల్లుల్లి రోజూ మేపితే ఈగలు రావని చెప్పేవాళ్లున్నారు, ఎక్కువైతే గుర్రానికి నెత్తురు కణాలు పగిలి పాలిపోతుంది.

వేపాకు పొగ పల్లెల్లో గొడ్లకు వేస్తారు. గుర్రం ఊపిరితిత్తులు పొగకు తట్టుకోవు. వేయాల్సివస్తే కొట్టం బయట, గాలి వచ్చే వైపు, పచ్చి ఆకు కొద్దిగా వేసి పది నిమిషాలు చాలు. తలుపులు మూసి లోపల పొగ పెట్టడం మాత్రం వద్దు.

పుండు, కన్ను, జ్వరం

వానలు మొదలయ్యాక కంటి కొన దగ్గర, పెదవుల మీద, లింగం తొడుగు దగ్గర, కాలి గాయాల మీద మానని పుండు లేస్తే దాన్ని మామూలు గాయం అనుకోకండి. మన దేశంలో గుర్రాల వాళ్లు బర్సాతీ అని పిలిచే పుండు ఇలాంటిదే. గుర్రం కడుపులోని హబ్రోనీమా పురుగు పిల్లలు లద్దెలోకి వస్తాయి, అక్కడ పెరిగే ఈగ పురుగు వాటిని మింగుతుంది, ఆ ఈగ పెద్దదై పుండు మీద వాలినప్పుడు వాటిని అక్కడ వదులుతుంది. పుండు ఎర్రగా ఉబ్బి, నొక్కితే బియ్యపు నూకల్లాంటి పసుపు గింజలు కనిపిస్తాయి. పైన ఎన్ని పూతలు పూసినా తగ్గదు. డాక్టరు బరువు చూసి ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందును నోటి పేస్టుగా ఇస్తారు. కిలోకు 0.2 మిల్లీగ్రాములు లెక్క, అంటే 400 కిలోల గుర్రానికి 80 మిల్లీగ్రాములు. గొడ్లకిచ్చే ఐవర్‌మెక్టిన్ సూదిని గుర్రం కండలో పొడిస్తే ఆ చోట తీవ్రమైన వాపు, చీము పట్టొచ్చు. నోటి మందే ఇవ్వండి.

ప్రతి చిన్న గాయాన్నీ ఆ రోజే కడగాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాతో ఒకటిన్నర. కళ్లు కూడా ఇదే నీళ్లతో, కంటికొక దూది ముక్క చొప్పున తుడవండి, ఒక కంటి దూదిని రెండో కంటికి వాడొద్దు. ఈగలు రాకుండా పూసే మందు గాయం చుట్టూ రాయాలి, లోపల కాదు. పుండుకు పురుగు పడితే చిమటాతో ఒక్కోదాన్ని తీసి కడిగి, డాక్టర్ని పిలవండి. టర్పెంటైన్ పోస్తే పురుగులతోపాటు మంచి కండా చస్తుంది.

జోరీగ భయం నొప్పితో ఆగదు. సర్రా అనే నెత్తురు జబ్బును ఇదే మోస్తుంది. 1880లో ఇప్పటి పాకిస్థాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల్లో, ఒంటెల్లో గ్రిఫిత్ ఎవాన్స్ ఈ జబ్బు క్రిమిని కనిపెట్టాడు, ఇప్పటికీ మన దేశంలో ఉంది. జోరీగ ఒక గుర్రం మీద తాగుతుండగా తోలేస్తే, మూతికి అంటిన నెత్తురుతోనే కొద్ది నిమిషాల్లో పక్క గుర్రం మీద వాలి జబ్బు అంటిస్తుంది. వచ్చి పోయే జ్వరం, తింటున్నా చిక్కిపోవడం, చిగుళ్లు తెల్లబడటం, కాళ్లకూ పొట్ట కిందా నీరు దిగడం, వెనకకాళ్లు తడబడటం కనిపిస్తే అదే రోజు నెత్తురు పరీక్ష చేయించండి. ఆ గుర్రాన్ని మిగతావాటికి కనీసం రెండు వందల గజాల దూరంలో, జాలీ ఉన్న నీడ గదిలో కట్టండి. జోరీగ అంత దూరం సగం తాగిన మూతితో పోవడం అరుదు. సంతలో కొత్తగా కొన్న గుర్రానికి కూడా పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇదే పద్ధతి. చికిత్సకు క్వినాపైరమిన్ వంటి మందులున్నాయి, కొలత తప్పితే ప్రమాదం కాబట్టి అవి డాక్టరు చేతి మీదుగానే పడాలి.

ముందుకాళ్ల వెంట్రుకల చివర ఆవగింజ కన్నా చిన్నవి, పసుపు పచ్చని గుడ్లు వరసగా అంటుకుని కనిపిస్తే అవి బాట్ ఈగవి. గుర్రం నాకినప్పుడు కడుపులోకి పోతాయి. మొద్దు బ్లేడుతో వెంట్రుక వెంబడి గీరి, కాగితం మీద పట్టి కాల్చేయండి, నేల మీద రాల్చొద్దు.

వారానికోసారి లెక్క

తగ్గాయో లేదో కంటి అంచనాతో తెలియదు. పోస్టుకార్డంత తెల్ల అట్టముక్కలు నాలుగు, ఈగలు ఎక్కువగా వాలే దూలాలకు మేకుతో కొట్టి తేదీ రాయండి. ఈగ వాలినచోట నల్లటి, గోధుమ రంగు చుక్కలు పడతాయి. వారం తర్వాత తీసి చుక్కలు లెక్కపెట్టి కొత్తవి పెట్టండి, పాతవి దారానికి గుచ్చి దాచండి. అట్టకు వంద దాటితే ఎక్కువున్నట్టు. ఏ మూల అట్టకు చుక్కలు హఠాత్తుగా పెరిగాయో ఆ మూలకు పార తీసుకుని వెళ్లండి. నీళ్ల తొట్టి జరిపి చూడండి, దాణా తొట్టి వెనక చెయ్యి పెట్టి చూడండి, గచ్చు పగుల్లో పుల్లతో గీకి చూడండి. అక్కడ తడి దొరుకుతుంది, ఆ తడిలో బియ్యపు గింజంత తెల్లటి పురుగులు కదులుతూ ఉంటాయి.